అసుర సంధ్యవేళ... ఎలుకకు గురి!

తిరునాళ్లకెళ్తే రంగులరాట్నం పక్కనే బెలూన్లు కొట్టే దుకాణం ఒకటి ఉంటుంది. డబ్బులిస్తే చేతికో గాలి తుపాకీ ఇస్తాడు. టప్‌మని బెలూన్ పేలితే అదో సంబరం. ఎయిర్‌గన్ గురించి మనలో చాలామందికి తెలిసింది అంతవరకే. ఇంగ్లండ్ పల్లెల్లో మాత్రం అది చాలామంది రైతులకి పారా గొడ్డలీ లాంటి పనిముట్టు. దాణా కొట్టంలో ఎలుకలు పడితే దాన్నే బయటికి తీస్తారు. అదీ పొద్దుగూకే వేళ! ఆ మసక చీకట్లో గుప్పెడంత ఎలుకని ఎలా గురిచూస్తారు? బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ముచ్చట చూసే అవకాశం దొరికింది.

మూడు తుపాకుల గుర్తు
మనకి బీఎస్‌ఏ అంటే సైకిలే. కానీ ఆ మూడక్షరాల అసలు అర్థం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్! 1861లో ఇక్కడి తుపాకుల తయారీదార్లు కొందరు కలిసి పెట్టిన కంపెనీ అది. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుండే బొమ్మ దాని గుర్తు. సైకిళ్లూ మోటార్‌సైకిళ్లూ తర్వాత వచ్చాయి. ఎయిర్ రైఫిళ్లు 1905 ప్రాంతంలో మొదలయ్యాయి. ఊరి నడిబొడ్డున ‘గన్ క్వార్టర్’ అనే పేట ఇప్పటికీ ఉంది. 1960ల్లో రింగ్‌రోడ్డు వేసినప్పుడు పాత కార్ఖానాలు చాలావరకు నేలమట్టమయ్యాయి. తుపాకీ గొట్టాల గట్టిదనాన్ని పరీక్షించేందుకు 1813లో చట్టం చేసి మరీ పెట్టిన ‘ప్రూఫ్ హౌస్’ మాత్రం బాన్‌బరీ వీధిలో నేటికీ పనిచేస్తోంది.

దుకాణంలో అన్నీ బంగారమే
అన్నయ్యకి తెలిసిన రైతు ఒకాయన ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి. పాత స్కోప్ పాడైందట, కొత్తది కొనడానికి పట్నం వచ్చారు. ఆయన వెంట మేమూ దుకాణంలోకి వెళ్లాం. నేను ఒక్కోటీ తీసి కన్ను పెట్టి చూశాను. అన్నీ అద్భుతంగానే ఉన్నాయి! ‘ట్యూబ్‌లైట్ల కింద ఏదైనా బాగానే ఉంటుంది. బయటికి రండి’ అన్నాడు దుకాణదారు. తుపాకీ లేకుండా ఉత్త స్కోప్‌లే పట్టుకుని వెనక పెరట్లోకి నడిచాం. అప్పటికే వెలుగు తగ్గుతోంది. అక్కడ గోడవార పొద కింది నీడలోకి చూడమన్నాడు. లోపల మెరిసిపోయిన రెండు స్కోప్‌లలో ఇప్పుడు బూడిదరంగు తప్ప ఏమీ లేదు. మూడోదాంట్లో మాత్రం ఎండుటాకులు కూడా లెక్కపెట్టొచ్చు. లోపలి అద్దాలకి వేసే పూతల నాణ్యతలో తేడా అది.

లెక్క ఇదీ...
స్కోప్ మీద 4-12 ఇంటూ 40 అని ఉందనుకోండి. నాలుగు నుంచి పన్నెండు రెట్ల వరకు పెద్దది చేసి చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. ఆ 40ని రెట్లతో భాగిస్తే మన కంటికి చేరే వెలుతురు బిళ్ల ఎంతుంటుందో తెలుస్తుంది. పన్నెండు రెట్ల దగ్గర అది 3.3 మిల్లీమీటర్లే. ఆరుకి తగ్గిస్తే 6.7. నాలుగైతే 10. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. వయసు మళ్లేకొద్దీ అది ఐదుకి అటూ ఇటూగా తగ్గిపోతుంది. బిళ్ల కంటిపాపకంటే చిన్నదైతే బొమ్మ మసకబారుతుంది. పెద్దదైతే మిగతా వెలుతురు వృథా.

అందుకే పెద్దాయన 56 మిల్లీమీటర్ల భారీ స్కోప్ జోలికి పోలేదు. ‘దాని వెలుతురు నా కళ్లు తాగలేవు. బరువు మాత్రం నా భుజానికి మిగులుతుంది’ అన్నారు నవ్వుతూ. పైగా అంత పెద్ద అద్దాన్ని తుపాకీ మీద ఎత్తుగా బిగించాలి. అప్పుడు చెంప కట్టెకి సరిగ్గా ఆనదు.

ఇంకో మెలిక కూడా ఉంది. జింకల వేటకి వాడే స్కోప్‌లు సాధారణంగా వంద గజాల దూరానికి సరిచేసి వస్తాయి. ఎలుకని కొట్టేది పదిహేను, ఇరవై గజాల్లో. అంత దగ్గర్లో వాటిలో బొమ్మ అలుక్కుపోతుంది. తల కాస్త కదిలినా గురి గుర్తు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. ప్యారలాక్స్ అంటే ఇదే. కాబట్టి పది గజాల దాకా దగ్గరికి తెచ్చుకునే వీలున్నది ఎంచుకోవాలి. స్ప్రింగు తుపాకీ అయితే కుదుపు ముందుకీ వెనక్కీ కూడా ఉంటుంది. దాన్ని తట్టుకునేలా చేయని స్కోప్ కొద్దిరోజులకే మూలపడుతుంది. పెద్దాయన పాతది పోయింది అలాగే! సన్నటి ప్లస్ గీతలు చీకట్లో మాయమైపోతాయి. చివర్లు లావుగా ఉన్నవి నయం. నడిమధ్య ఎర్రచుక్క వెలిగేవీ ఉన్నాయి. దాన్ని బాగా తగ్గించి పెట్టుకోవాలి. లేదంటే ఆ వెలుగే కళ్లు చెదరగొడుతుంది.

మాల్వర్న్ కొండల నీడలో
మర్నాడు ఆయన ఊరెళ్లాం. బర్మింగ్‌హామ్‌కి దక్షిణంగా వూస్టర్‌షైర్. సెవర్న్ నది పారే పచ్చటి నేల. పడమట గోడ కట్టినట్టు మాల్వర్న్ కొండలు. జనవరి నెలాఖరు కావడంతో నాలుగున్నర దాటగానే సూర్యుడు వాటి వెనక్కి జారిపోయాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కొట్టంలో బార్లీ వాసన, పక్కపాకలో ఆవుల ఊపిరి పొగలు.

గడ్డిమోపుల వెనక కూర్చున్నాం. కాసేపటికి గోడవారగా ఓ ఎలుక వచ్చింది. పద్దెనిమిది గజాలుంటుందేమో. చిన్న చప్పుడు... అంతే, అక్కడే పడిపోయింది. ‘ఒక్క దెబ్బకి పోవాలి. గాయపడి కన్నంలో దూరితే అది పాపం’ అన్నారాయన. ఇంగ్లండ్‌లో 12 అడుగు-పౌండ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. కానీ అంత తక్కువ శక్తితో ప్రాణం తీయాలంటే గురి అంగుళం కూడా తప్పకూడదు.

చీకటి చిక్కబడింది. తుపాకీలో గుండు తీసేసి నా చేతికిచ్చారు. స్కోప్‌లోంచి చూస్తే బస్తాల పక్కన నల్లగా ఏదో కదిలింది. ‘అదిగో, ఇంకో ఎలుక!’ అన్నాను. ‘ఎన్ని రెట్ల మీద ఉంది?’ అని అడిగారు. పన్నెండు. ‘ఆరుకి తిప్పు’ అన్నారు. తిప్పగానే బొమ్మ చిన్నదైంది. కానీ తెల్లబడింది. చెవులు కనిపించాయి. అది ఆ ఇంటి పిల్లికూన! ఒక్క క్షణం నాకు నోట మాట రాలేదు. గుండు ఉండి ఉంటే..?

‘ఎలుక కనిపించడం కాదు, అది ఎలుకేనని తెలియాలి. దాని వెనకేముందో కూడా తెలియాలి. తెలియలేదా, ఆ రోజుకి పని అయిపోయినట్టే’ అంటూ తుపాకీని సంచిలో పెట్టేశారు. చీకట్లోనూ చూపించే డిజిటల్ స్కోప్‌లు వచ్చాయిగా అంటే, ఉన్నాయన్నట్టు తలూపారు. వాటికైనా ఆ నియమం మారదట.

మందు ఎందుకు వద్దంటే...
ఇంత తంటా ఎందుకు, మందు పెడితే పోదా అనిపించింది. మన గోదావరి జిల్లాల్లో చేసేది అదేగా! నూకలు 96 పాళ్లు, నూనె రెండు, బ్రొమాడియలోన్ రెండు పాళ్లు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తారు. బ్రిటన్‌లోనూ ఆ మందు వాడతారు. కానీ విషం తిన్న ఎలుకని తిన్న గుడ్లగూబకీ విషమెక్కుతుంది. కొన్నిచోట్ల ఎలుకలు మందుని తట్టుకోవడమూ నేర్చేశాయి. అందుకే భవనాలకు దూరంగా ఆరుబయట బ్రొమాడియలోన్ వాడకాన్ని అక్కడ 2024 డిసెంబరు 31తో ఆపేశారు. మన వరిచేలల్లోనూ గుడ్లగూబలు వాలేందుకు కర్రలు పాతమని శాస్త్రవేత్తలు చెప్పేది ఎలుకల కోసమే.

అన్నట్టు, ఇది చదివి ఎవరైనా పిట్టల మీదికి గాలి తుపాకీ ఎత్తేరు. మన వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

తిరిగొస్తుంటే కొట్టం చూరు కింది నుంచి తెల్లగా ఓ పక్షి చప్పుడు లేకుండా జారి పొలం మీదికి వెళ్లిపోయింది. బార్న్ ఔల్ అనే తెల్ల గుడ్లగూబ. దానికి హాని చేస్తే అక్కడి 1981 చట్టం ఊరుకోదు. ‘ఇక రాత్రి డ్యూటీ దానిది’ అన్నారు పెద్దాయన, టోపీ సర్దుకుంటూ.