బాపు చూపించిన బాయి

మా బొగ్గుబాయిల ఊళ్లో మనిషి వయసు ఎంతని అడగరు. సర్వీసు ఎంతయింది, ఇంకెన్నేళ్లుంది అని అడుగుతారు. దిగిపోయాక ఆ లెక్క కూడా ఎవరూ అడగరు. గోదావరిఖనిలో ఏ కాలనీకైనా పొద్దున్నే వెళ్లి చూడండి. టీకొట్టు ముందు మఫ్లర్లు చుట్టుకున్న పెద్దమనుషులు కూర్చుని, మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల బండ్లను చూస్తుంటారు. ముప్ఫై ఐదేళ్లు తెల్లవారుజామునే లేచిన ఒళ్లు పింఛను వచ్చాకా అదే వేళకు లేస్తుంది. లేచి చేసేందుకు మాత్రం పనేమీ ఉండదు.

కొన్నాళ్లకు ఆ టీకొట్టు దాకా నడవడమూ కష్టమవుతుంది. మోకాళ్లు పట్టేస్తాయి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. పిల్లలేమో హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉంటారు. ఇక మిగిలేది ఒక మంచం, ఒక టీవీ, ఒక కిటికీ. మా బాపుకు ఎనభై నిండాయి. రెండేళ్లుగా ఆయన లోకమూ అంతే.

కిందటి దసరాకు మా మేనకోడలు హైదరాబాద్ నుంచి వస్తూ ఓ డబ్బా తెచ్చింది. కళ్లకు కట్టుకునే యంత్రం. వర్చువల్ రియాలిటీ అంటారుగా, అదే. లోపల ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ పడుతుంది. రెండూ కలిసి లోతు కనిపిస్తుంది. తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరుగుతుంది. ఇది నిన్నమొన్నటి ముచ్చట కాదు. అమెరికాలో ఇవాన్ సదర్లాండ్ అనే ఆయన 1968లోనే ఇలాంటిది తయారుచేశాడు. అది ఎంత బరువంటే, ఇంటి పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది! ఆ తర్వాత చాలాకాలానికి పిల్లల ఆటవస్తువైంది. ఇప్పుడు వృద్ధాశ్రమాలకూ చేరింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి 17 వృద్ధుల నివాసాల్లో 65 నుంచి 103 ఏళ్ల వయసున్న 245 మందికి దీన్ని పెట్టి చూశారు. మనసు తేలికపడిందని, ఒంటరితనం తగ్గినట్టుందని ఎక్కువమంది చెప్పారట.

మాకు ఆ లెక్కలేవీ తెలియవు. మేనకోడలు ముందుగా బాపుకు సముద్రం చూపించింది. పడవ ఊగింది, బాపుకు తల తిరిగింది. "తీసెయ్ బిడ్డా, కక్కొస్తంది" అన్నాడు. కదలిక ఉందని కన్ను చెబుతుంటే, లేదని చెవిలోపలి తూకం చెబుతుంది. ఆ తగువులోంచే ఆ వికారం వస్తుందట. రెండోరోజు కదలని దృశ్యం పెట్టింది. కాశీ ఘాట్లు. బాపు కాసేపు చూసి, యంత్రం తీసి ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"ఇండ్ల బాయి ఉన్నదా?"

మాకు అర్థం కాలేదు. "ఏ బాయి తాతా?" అంది పిల్ల.

"ఏ బాయి ఏందే, బొగ్గుబాయి!"

వెతికితే దొరికింది. ఏ దేశానిదో, భూగర్భ గని వీడియో. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి పెట్టాం. దృశ్యం మొదలవగానే బాపు మెడ వంచేశాడు. ఇంట్లో కప్పు పదడుగుల ఎత్తులో ఉంది. ఆయన మాత్రం తలకు దెబ్బ తగలకుండా వంగే కూర్చున్నాడు. తర్వాత నోరు విప్పాడు. ఇంత వెలుతురు మా బాయిల ఏడిది, టోపీ మీది దీపం ఎంత పడితే అంతే కనిపించేది అన్నాడు. కప్పును కర్రతో తట్టి, చప్పుడు డొల్లగా వస్తే వెనక్కి జరగాలన్నాడు. తట్టా చెమ్మాస్ పట్టుకుని టబ్బులు నింపిన రోజుల గురించి, దుంగలు 'మాట్లాడటం' గురించి, అంటే బరువు మీద పడ్డప్పుడు అవి చేసే చప్పుడు గురించి చెప్పాడు. ఇన్నేళ్లలో మేం ఇవేవీ ఆయన నోట వినలేదు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిని పడుకునేవాడు. అడిగితే "ఏముంటది, బొగ్గు" అనేవాడు.

అమ్మ వంటింటి గడపలో నిలబడి వింటోంది. "నాకూ పెట్టు" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దించకూడదంది. 2019లోనే, అదీ సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనుల్లో, వాళ్ల అంగీకారంతో, ఆ తలుపు కొద్దిగా తెరిచారు. అమ్మ తరం వాళ్లకు బాయి అంటే గేటు దాకానే. ముప్ఫై ఐదేళ్లు టిఫిన్ కట్టి పంపిందే గానీ, ఆ టిఫిన్ ఎక్కడ విప్పుతారో ఎన్నడూ చూడలేదు. 2003 జూన్ 16న 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు పోయారు. ఆ రోజు బాపు డ్యూటీ వేరే బాయిలో. అయినా ఆయన సందు మలుపు తిరిగేదాకా అమ్మ వాకిట్లోంచి కదల్లేదు.

అమ్మ చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. యంత్రం తీశాక కొంగుతో ముఖం తుడుచుకుని, "గింత చీకట్లనా పోయింది ఇన్నేండ్లు?" అని మాత్రం అడిగింది. బాపు నవ్వాడు. "ఇది పట్టపగల్లెక్క ఉన్నది. మాది ఇంకా చీకటి" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో! పక్కగదిలోకి వాళ్ల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు బాపు రోజూ పది నిమిషాలు పెట్టుకుంటాడు. మేనకోడలు అందులో ఓ ఆట కూడా పెట్టింది. గాల్లో వచ్చే బంతులను చేతులెత్తి కొట్టాలి. భుజాలు కదిలించమని డాక్టర్ ఎంత చెప్పినా వినని మనిషి, మనవరాలి లెక్క దాటాలని పట్టుబట్టి కొడుతున్నాడు. మోకాళ్లు బాగైపోలేదు, ఆయాసం పోలేదు. సాయంత్రం ఎవరైనా వస్తే చెప్పడానికి ఒక ముచ్చట మాత్రం ఉంటోంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు పెట్టాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. నిలబెట్టి పెట్టకండి, పడిపోతారు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. మొదట రెండుమూడు నిమిషాలు చాలు. పక్కన ఒకరు ఉండాలి. మూర్ఛ, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. ధర తక్కువేమీ కాదు, చాలామంది కార్మికుల నెల పింఛనుకు అందదు. అలాంటప్పుడు ఫోన్‌ను లోపల పెట్టుకునే చౌక అట్టడబ్బా ఉంది. గూగుల్ 2014లో అలాంటిది తెచ్చింది. తనది అమ్మడం ఆపేసినా, ఆ నమూనాలో చేసుకోవచ్చు. పోతే, మా యంత్రంలో గొంతులన్నీ ఇంగ్లిషే. అందుకే పక్కన మనిషి తప్పనిసరి. ఆలోచిస్తే అదీ మంచిదే!

ఒక్క వెలితి మాత్రం పోలేదు. బాపు చూసింది పరాయి బాయి. మా వైపు ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మూసిన బాయిలోకి మళ్లీ ఎవరూ పోలేరు. బ్రిటన్‌లోని వేల్స్‌లో బిగ్ పిట్ అనే గనిని 1980లో మూసేసి, 1983లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ ఒకప్పటి గని కార్మికులే సందర్శకులను కిందికి తీసుకెళ్లి చూపిస్తారు. ధన్‌బాద్ ఐఐటీలో గని భద్రత శిక్షణకు ఈ వర్చువల్ పద్ధతినే వాడుతున్నారు. కొత్తవాళ్లకు నేర్పే పరికరమే పాతవాళ్ల జ్ఞాపకాన్నీ దాచగలదు. నడుస్తున్న బాయిల్లో అన్ని వైపులా చూసే కెమెరా ఒకటి తిప్పి, దానికి మన కార్మికుల గొంతులు, వాళ్ల మాటల్లోనే జతచేస్తే ఎంత బాగుంటుంది!

అంతవరకు ఆగలేకపోతే, ఓ తెల్లకాగితం చాలు. మీ ఇంట్లో దిగిపోయిన కార్మికుడుంటే ఈ ఆదివారం ఆయన ముందు పెట్టి, బాయిలో దారి గీయమనండి. గీస్తూ ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ ఇంటి ఇల్లాలినీ పక్కన కూర్చోబెట్టడం మాత్రం మరిచిపోకండి.