చింతగింజల బంక

ఎండాకాలం సెలవులంటే పిల్లలకు పండుగ, తల్లులకు పరీక్ష. "అమ్మా, బోర్ కొడుతుంది" అనే మాట రోజుకు పదిసార్లయినా వినబడని ఇల్లుండదు కదా! రంగులు, జిగురు, థర్మాకోల్ కొనాలంటే ఖర్చు. అందుకే ఆలేరులో మా పిల్లలు వంటింటి సరుకుతో ఏం చేస్తారో చెప్తాను.

బెండకాయను తొడిమ దగ్గర అడ్డంగా కోసి, బీట్‌రూట్ రసంలో అద్ది కాగితం మీద ఒత్తితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. ఆలుగడ్డ సగం కోసి, చెంచా కాడతో గీరితే ఆకు అచ్చు. అది పెద్దవాళ్ళు పక్కనుండి చేయించాలి.

పిల్లలకు బాగా నచ్చేది పసుపు కాగితం. తెల్లకాగితానికి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టాలి. అగ్గిపుల్లకు దూది చుట్టి, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచి రాస్తే అక్షరాలు ఎర్రగా తేలుతాయి. పైన నిమ్మరసం అద్దితే మళ్ళీ పసుపే! పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రనయ్యేది కూడా ఇట్లనే. కానీ సున్నం చేతులు పొక్కిస్తుంది, పిల్లలకు ఇవ్వకండి.

ఇక బంక. మామయ్య పోయినప్పటినుంచి మా అత్తమ్మ ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. అన్నం పెడితే తింటుంది, లేకుంటే అడగదు. పాప జిగురు అయిపోయిందని గునుస్తుంటే, మూలనుంచి "చింతగింజలు లేవా?" అన్నది. నేను ఆశ్చర్యపోయాను.

గింజలు వేయించి, దంచి, పొట్టు తీయించింది. తెల్ల పప్పును రాత్రంతా నానబెట్టి, పొద్దున రోట్లో మెత్తగా రుబ్బించింది. నీళ్ళు పోసి సన్నమంట మీద ఉడుకుతుంటే, "కలుపు, ఉండలు కడతది" అని పాపను అదిలించింది. మా పక్కనున్న చేర్యాలలో నకాషీ కళాకారులు పటం గుడ్డకు గంజి, తెల్లమట్టితో పాటు పూసేది ఈ చింతగింజల ముద్దనే. రంపపుపొట్టులో అదే కలిపి బొమ్మలు, ముఖాలు చేస్తారు. పాప కూడా ఒక ముఖం చేసింది. ముక్కు వంకరైతే నానమ్మే సరిచేసింది.

ఈ బంకతో ఒక చిక్కుంది. నిల్వ ఉండదు, రెండు రోజులకే వాసన పడుతుంది. మళ్ళీ కొత్తగా చెయ్యాల్సిందే. పాప ఇప్పుడు జిగురు కోసం నా దగ్గరికి రాదు. "నానమ్మా, బంక అయిపోయింది" అంటుంది. అత్తమ్మ గింజలు తెమ్మంటుంది.

మీ ఇంట్లో చింతపండు కొట్టినప్పుడు గింజలు పారేయకండి. పెద్దవాళ్ళుంటే ఏం చేయొచ్చో వాళ్ళనే అడగండి.