పాత కేన్ కుర్చీలు కొనేవారికి, అమ్మేసేవారికి కూడా



ఈ రెండు మూడేళ్లుగా మనవాళ్లలో కొత్త ఫ్లాట్లకు మారుతున్నవాళ్లు ఎక్కువయ్యారు. వర్లీలో, కామాఠీపురాలో పాత చాళ్లు, బిల్డింగులు రీడెవలప్‌మెంట్‌కు పోతున్నాయి. పదడుగుల గదిలో చాప వేసుకుని తిన్నవాళ్లం ఇప్పుడు హాల్లో డైనింగ్ టేబుల్ ఎక్కడ పడుతుందా అని టేపు పట్టుకుని కొలుస్తున్నాం. టేబుల్ సంగతి సులువే. కుర్చీల దగ్గరే పిల్లలకూ పెద్దలకూ కుదరడం లేదు. పిల్లలు ఫోన్లో ఫొటోలు చూపించి "మిడ్ సెంచరీ మోడరన్" కావాలంటారు. పెద్దవాళ్లు అవే ఫొటోలు చూసి "ఇది మా ఆఫీసులో గుమాస్తా కుర్చీ కదా, దీనికి ఇంత ధరా?" అంటారు. మా ఇంట్లో ఈ వాదన ఆరు నెలలు నడిచింది. చివరికి ఆరు పాత కుర్చీలు కొన్నాం. ఆ తిరుగుడులో తెలిసినవి రాస్తున్నాను. చివర్లో మన సంఘం కుర్చీల సంగతి కూడా ఉంది, దయచేసి అక్కడిదాకా చదవండి.

ముందు ఆ పేరు సంగతి. మిడ్ సెంచరీ అంటే పోయిన శతాబ్దం నడిమి కాలం. ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఓ పాతికేళ్లపాటు వచ్చిన సామాను. చెక్కుడు పువ్వులు, సింహపు కాళ్లు ఉండవు. కాళ్లు కిందికి వచ్చేకొద్దీ సన్నబడతాయి. కొయ్య కొయ్యలాగే కనిపిస్తుంది. డెన్మార్క్‌లో హాన్స్ వెగ్నర్, అమెరికాలో ఈమ్స్ దంపతులు ఈ తరహాకు పెద్ద పేర్లు. ఆ ఈమ్స్ దంపతులనే మన ప్రభుత్వం పిలిపించింది. వాళ్లు 1958లో ఇచ్చిన నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ ఏర్పడింది. అంటే ఈ సొగసు మన దేశానికి కొత్తగా ఇంటర్నెట్‌లో వచ్చింది కాదు.

బజారులో మాత్రం ఈ పేరు దేనికైనా తగిలిస్తున్నారు. ఇరానీ హోటల్లో మనం బన్ మస్కా తిన్న వంపు కర్ర కుర్చీని కూడా మిడ్ సెంచరీ అంటున్నారు. అది థోనెట్ అనే ఆయన 1859లో ఆస్ట్రియాలో తెచ్చిన తరహా. గుండ్రటి అంచులతో బరువుగా ఉండేవి చాలావరకు 1930లు, 40ల నాటి ఆర్ట్ డెకో. మెరైన్ డ్రైవ్ బిల్డింగుల కాలంవి. అవీ మంచి కుర్చీలే. కానీ లేని పేరుకు ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి?

మన దేశంలో ఈ తరహాకు అసలు ఊరు చండీగఢ్. నగరం కట్టేటప్పుడు ల కార్బూజియేకు వరసకు తమ్ముడైన పియర్ జెన్నరే 1951లో వచ్చి 1965దాకా అక్కడే ఉన్నాడు. సచివాలయానికి, హైకోర్టుకు, యూనివర్సిటీకి వేల కొద్దీ కుర్చీలు కావలసివచ్చాయి. టేకు కర్ర, కేన్ అల్లిక, తిరగేసిన 'వీ' ఆకారపు కాళ్లు. ఇవాళ ప్రతి కేఫ్‌లో కనిపించే కుర్చీ అదే. తర్వాత అవి పాతబడ్డాయి. ఆఫీసుల్లోకి స్టీలు, ప్లాస్టిక్ వచ్చాయి. కేన్ తెగినవాటిని మేడల మీద గుట్టలు పోసి స్క్రాప్ కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు కొనుక్కుపోయి బాగుచేసి పారిస్‌లో, లండన్‌లో లక్షలకు అమ్మాక గానీ మనకు తెలిసిరాలేదు. 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాన్ని, ఎగుమతిని ఆపమని ఆదేశించింది. వారసత్వ సామానుగా లెక్కకట్టినవి 12 వేలకు పైనే ఉన్నాయి. అయినా దొంగతనాలు ఆగలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, జోగేశ్వరిలో ఓషివారా ఫర్నిచర్ బజారులో ఒక దుకాణంవాడు మాకు సరిగ్గా అలాంటి నాలుగు కుర్చీలు చూపించాడు. వీపు వెనక పట్టీ మీద తెల్ల పెయింటుతో ఏవో అక్షరాలు, అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటి 45 వేలు అన్నాడు. కాగితాలు చూపించమన్నాను. "ఆఫీసు స్క్రాప్‌కు కాగితాలు ఎవరిస్తారు అంకుల్" అని 20 వేలకు దిగాడు.

మా అమ్మాయికి అవి బాగా నచ్చాయి. బయటికొచ్చాక నాతో వాదించింది. "నాన్నా, అక్కడే ఉంటే చెదలు తినేసేవి. మనం కొంటే కనీసం ఒక ఇంట్లో బతుకుతాయి కదా?" ఆ మాటలో నిజం ఉంది. పోగేసి పారేసినవాళ్లకంటే కొనుక్కుపోయినవాళ్లే వాటిని కాపాడారని ఎవరైనా అంటే పూర్తిగా కొట్టిపారేయలేం. పాత వేలాల్లో కొని రసీదు దాచుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర కొంటే తప్పు లేదు. కానీ ఇక్కడ రసీదు లేదు. ఆ అక్షరాలు నిజమైతే అది ఎవరి ఆఫీసు నుంచో మాయమైన సొత్తు కావచ్చు. అబద్ధమైతే నిన్న మొన్న చేసి పెయింటు వేసిన నకలు. రెండింట్లో ఏదైనా మనం ఇచ్చే డబ్బు ఇంకో నాలుగు కుర్చీలకు కబురు పంపినట్టే. అందుకే వద్దన్నాను. అమ్మాయి రెండు రోజులు ముభావంగా ఉంది.

ఇంకో సంగతి కూడా మనసులో పడింది. విదేశీ వేలాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది జెన్నరే పేరు. ఆయనతో పనిచేసి ఫర్నిచర్ గీసిన యూలీ చౌదరి పేరు ఎప్పుడో గానీ కనిపించదు. చేతులతో కోసి, చిత్రికపట్టి, బిగించిన వడ్రంగుల పేర్లు ఎక్కడా ఉండవు. ఈ బాధ మనకు కొత్త కాదు. ఈ నగరానికి రాళ్లు మోసి గోడలు లేపిన తెలుగు కూలీల వల్ల ఒక పేటకు కామాఠీపురా అనే పేరు మిగిలింది. ఆ మనుషుల పేర్లు మాత్రం మిగల్లేదు. అందుకే అమ్మాయితో అన్నాను, పేరు కోసం కాదు, పని కోసం కుర్చీ చూద్దామని.

పని ఎలా చూడాలి? నాకు తెలిసినంతలో ఇవీ.

కుర్చీని చదునైన నేల మీద పెట్టి, వీపు పట్టుకుని మూలకు వంచి ఊపండి. కిర్రుమంటే అతుకు వదులైంది. జిగురు ఊడితే వడ్రంగి విప్పి మళ్లీ బిగిస్తాడు, భయం లేదు. అతుకు దగ్గర కొయ్యే చీలి ఉంటే వదిలేయండి. అతుకు మీద ఇనప పట్టీ, మేకులు కనిపిస్తే ఎవరో తొందర రిపేరు చేశారని అర్థం.

తిరగేసి చూడండి. పాలిష్ తగలని చోట కర్ర అసలు రంగు తెలుస్తుంది. గుండుసూది మొనంత రంధ్రాలుండి, తడితే పిండిలాంటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది. అది మీ తలుపులకూ పాకుతుంది. నిజంగా వాడిన కుర్చీ అన్ని చోట్లా ఒకేలా అరగదు. చేతులు ఆనే చోట, పాదాలు తగిలే ముందు కర్ర మీద, కాళ్ల అడుగున అరుగుతుంది. నాలుగు వైపులా ఒకే నలుపుంటే అది వయసు కాదు, రంగు.

తర్వాత కొలత. మామూలు డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. కూర్చునే చోటు 18 అంగుళాలు ఉంటే సుఖం. పాత వరండా కుర్చీలు, వాలు కుర్చీలు ఇంతకంటే పల్లంగా ఉంటాయి. కూర్చుంటే కంచం గడ్డం కిందికి వస్తుంది. చేతులున్న కుర్చీ అయితే ఆ చేతులు టేబుల్ కిందికి దూరతాయో లేదో కొలవండి. చండీగఢ్ తరహావి ఆఫీసు కోసం చేసినవి, మన చిన్న హాళ్లలో ఇక్కడే ఇబ్బంది.

చివరిగా కేన్. ఇందులో రెండు రకాలు. చట్రం చుట్టూ వరసగా రంధ్రాలుంటే ఒక్కొక్క పోగు చేత్తో అల్లింది. రంధ్రాలు లేకుండా గాడి మాత్రమే ఉంటే అల్లిన షీటు తెచ్చి నొక్కి అతికించింది. రెండోది ఎవరైనా మారుస్తారు. మొదటిదానికి అల్లేవాడు కావాలి. కేన్ తెగిందని మంచి కుర్చీని వదలకండి, ధర తగ్గేది అక్కడే.

మేము కొన్న ఆరు కుర్చీలకు పేరు లేదు. టేకు, సన్నటి కాళ్లు, గట్టి అతుకులు. నాలుగింటికి సీటు తెగి వేలాడుతోంది, మిగతా రెండింటికి నేడో రేపో. ఒక్కొక్కటి 4,500 చొప్పున 27 వేలు. అల్లేవాడి కోసం నెల రోజులు వెతికాం. దొరికినాయన అరవై దాటినవాడు, చూపు చాలా తక్కువ. చిన్నప్పుడు అంధుల బడిలో ఈ పని నేర్చుకున్నాడు. ఒకప్పుడు ప్రభుత్వ ఆఫీసుల కుర్చీలు అల్లే పని చూపు లేనివాళ్లకు ఇచ్చేవారు. ఆఫీసుల్లో కేన్ కుర్చీలు పోయాక ఆ పనీ పోయింది. ఆయన మా ఇంటికే వచ్చి, కేన్‌ను నీళ్లలో నానబెట్టి, వేళ్లతో రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ అల్లాడు. అమ్మాయి పక్కన కూర్చుని పోగులు అందించింది. మూడో కుర్చీ దగ్గర ఆయనే ఆగి, "ఇది ఇదివరకు అల్లినవాడు ఎడమచేతి వాటం మనిషి" అన్నాడు. ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. సీటుకు 1,800 తీసుకున్నాడు. అంతా కలిపి 37,800 అయింది. అప్పుడప్పుడు సీటును అడుగు నుంచి తడి గుడ్డతో తుడిచి, రాత్రంతా ఆరనిస్తే బిగువు నిలుస్తుందని చెప్పి వెళ్లాడు.

ఇక అసలు విషయం. ఈ ఆరు ఎక్కడి నుంచి వచ్చాయని దుకాణంవాణ్ని అడిగితే, రీడెవలప్‌మెంట్‌కు పోయిన ఒక బిల్డింగు నుంచి భంగార్‌వాలా లాట్ కింద తెచ్చాడన్నాడు. మనం భంగారని తూకానికి వేసేదే అక్కడ బంగారమవుతోంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది కుర్చీని ఒకసారి తిరగేసి చూడండి. మీకు అక్కర్లేకపోతే మన గ్రూపులోనే చెప్పండి, ఎవరో ఒకరు తీసుకుంటారు.

మన సంఘం హాల్ అటక మీద కేన్ తెగిన కుర్చీలు పన్నెండు ఉన్నాయి. వాటిని తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు కొనాలన్న తీర్మానం వచ్చే మీటింగులో ఉంది. పోయిన ఆదివారం నేను పన్నెండూ దించి చూశాను. పదకొండింటి అతుకులు గట్టిగా ఉన్నాయి. అన్నీ చేత్తో అల్లినవే. పదకొండు సీట్లకు 19,800 అవుతుంది. అందులో నాలుగు సీట్ల ఖర్చు నాది. మిగతా ఏడింటికి ఎవరైనా ముందుకొస్తే ఆయనకు ఈ నెలలోనే కబురు చేస్తాను. మీటింగులోపు మీ అభిప్రాయం కింద రాయండి. వద్దనేవాళ్లు కూడా ఎందుకు వద్దో రాయండి, మాట్లాడుకుందాం.