మా ఎంపీ జైల్లో ఉన్న రోజులు

సూరత్ ఉధనాలో మేముండే చాలుకీ, అంటే వరుస గదుల ఇళ్లకీ, సేటు కార్ఖానాకీ మధ్య ఒక్క సందే అడ్డం. సాంచెలు, అంటే మరమగ్గాలు, రాత్రింబవళ్లు నడిచేవి. కరెంటు పోయి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే, ఉయ్యాలల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. షిఫ్టు దిగి వచ్చిన నాయిన చేతి వెంట్రుకలకు నైలాన్ పోగుల తునకలు అంటుకుని దీపం వెలుగులో మెరిసేవి. అవ్వ వాటిని ఒక్కొక్కటే తీసేది. మాది సిరిసిల్ల దిక్కు. అటు పక్క ఖాందేశ్ మరాఠీలు, ఇటు పక్క గంజాం నుంచి వచ్చిన ఒరియా వాళ్లు. అందరి బతుకూ మగ్గం మీదే.

నాయినకు గుజరాతీ మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు. నేను బడిలో నేర్చుకున్నాను. అందుకని చాయ్ దుకాణంలో అందరూ తిరగేసి పెట్టిన గుజరాత్‌మిత్ర పత్రికను తెచ్చి నాయినకు చదివి వినిపించడం నా పని. నాయిన రోజూ ఒకటే అడిగేవాడు.

"మోరార్జీ ముచ్చట ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"లేదు నాయినా."

ఎట్లా ఉంటుంది? ఎవరిని పట్టుకుపోయారో, ఎక్కడ పెట్టారో పత్రికలు రాయడానికి వీల్లేని కాలం. మోరార్జీ దేశాయ్ అంటే మాకు ఎక్కడో ఢిల్లీ మనిషి కాదు. 1957 నుంచి వరుసగా సూరత్ ఎంపీ ఆయనే. పుట్టింది కూడా ఇక్కడికి దగ్గర్లోని వల్సాడ్ పక్క భదేలీ ఊళ్లో. 1975 జూన్ 26 తెల్లవారకముందే ఢిల్లీలో ఆయనను అరెస్టు చేశారు. అప్పటికి 79 ఏళ్లు. తర్వాత హర్యానాలో ఒంటరిగా ఉంచారు.

నిజానికి ఎమర్జెన్సీ వచ్చిన కొత్తలో గుజరాత్‌లో ఊపిరి ఆడేది. అదీ ఒక రకంగా ఆయన చలవే. 1975 ఏప్రిల్‌లో ఆయన నిరాహార దీక్షకు కూర్చుంటేనే కేంద్రం దిగివచ్చి, రాష్ట్రపతి పాలనలో ఉన్న గుజరాత్‌లో ఎన్నికలు పెట్టింది. వాటిలో కాంగ్రెస్ ఓడిపోయి, బాబూభాయ్ జశ్‌భాయ్ పటేల్ నాయకత్వాన జనతా మోర్చా ప్రభుత్వం వచ్చింది. అది ఉన్నన్నాళ్లూ చాయ్ దుకాణంలో జనం గొంతెత్తే మాట్లాడుకున్నారు. 1976 మార్చిలో ఆ ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత అదే బల్ల మీద అదే మనుషులు కూర్చుని చీరల రేట్ల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడేవాళ్లు కాదు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, నిర్బంధంలో ఉన్నవాళ్లు విడుదల కోసం కోర్టు తలుపు తట్టడానికి కూడా లేదని తేల్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ సంగతి నేను పెద్దయ్యాక చదివాను. అప్పుడు నాకు తెలిసిందల్లా పెద్దవాళ్లు గొంతు తగ్గించారనే.

పక్కింటి మరాఠీ కాకాకు మాత్రం మోరార్జీ పేరెత్తితే ఒళ్లు మండేది. 1956లో బొంబాయి రాష్ట్రానికి ముఖ్యమంత్రి మోరార్జీయే. సంయుక్త మహారాష్ట్ర కావాలన్న జనం మీద పోలీసులు తుపాకులు పేల్చారు. ఆ ఉద్యమంలో 100 మందికి పైగా చనిపోయారు. "ఆ రోజు మా వాళ్ల గోడు ఆయన విన్నాడా?" అని కాకా అడిగితే నాయిన దగ్గర జవాబు లేకపోయేది. ఇప్పటికీ నా దగ్గరా లేదు. ఆయన మొండితనం రెండు వైపులా కోసింది. బ్రిటిష్ వాళ్ల కింద డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగాన్ని 1930లో వదిలేసి సత్యాగ్రహంలోకి నడిపించిందీ అదే, కాల్పుల నాడు మనసు కరగనివ్వనిదీ అదే. ఇందిరమ్మ ఇరవై సూత్రాలు బాగున్నాయని కాగితం మీద సంతకం పెట్టి ఎంతోమంది బయటికి వస్తున్న రోజుల్లో, ఆ వయసులో దాదాపు 19 నెలలు లోపల ఉంచిందీ అదే.

1977 జనవరి 18న వదిలారు. అప్పటికి ఉత్తరాయణ్ వెళ్లి నాలుగు రోజులు. కరెంటు తీగల మీద చిరిగిన గాలిపటాలు ఇంకా వేలాడుతున్నాయి. బండ్ల మీద పోంక్ అమ్ముతున్నారు. లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలు, మా ఊరి ఊసబియ్యమే, ఇక్కడ సేవ్ కలిపి తింటారు. నాయిన పొట్లం తెచ్చి చాలులో అందరికీ తలా గుప్పెడు పెట్టాడు. కాకా చెయ్యి చాపాడు. సంగతేమిటో తెలిసీ తిన్నాడు.

మార్చిలో ఎన్నికలు, గోడలనిండా బొమ్మలు. ఒకవైపు కాంగ్రెస్ ఆవు–దూడ, మరోవైపు మోరార్జీ ఉన్న జనతా పార్టీ వాళ్ల చక్రంలో నాగలి పట్టిన రైతు. ఓటు రోజున నాయిన, కాకా కలిసే వెళ్లారు. కాకా ఎవరికి వేశాడో నాయిన అడగలేదు, ఆయన చెప్పలేదు. మోరార్జీ గెలిచాడు, 24న ప్రధాని అయ్యాడు. మా బడిలో మిఠాయి పంచారు.

సిరిసిల్ల దిక్కు మా ఊళ్లో కథ వేరే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు. పెద్దనాయిన ఉత్తరం రాశాడు, "ఇందిరమ్మ భూములిచ్చింది, మీకేం పుట్టింది?" అని. ఆ ఏడు దసరాకు వెళ్లినప్పుడు అన్నదమ్ములిద్దరూ వాకిట్లో మంచాలు వేసుకుని తెల్లవార్లూ వాదించుకున్నారు. పెద్దనాయిన భూముల గురించి చెప్పినవాటిని నాయిన కాదనలేదు. మోరార్జీ మంచివాడని కూడా ఒక్కసారి అనలేదు. "తప్పు ఒప్పుకొమ్మంటే ఒప్పుకోలె. చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకోవాలె?" అని మాత్రం మళ్లీ మళ్లీ అంటూనే ఉన్నాడు.