మునిర్కా మేడల మీద మైళ్ల లెక్క

విమానాలు అందరి తలల మీదుగానే పోతాయి. వాటిలో ముందు వరస సీటు మాత్రం పాయింట్ల కిటుకు తెలిసినవారికే దక్కుతోంది.

దక్షిణ ఢిల్లీలోని మునిర్కా గ్రామంలో ఆకాశం చూడాలంటే మేడెక్కాల్సిందే. పట్టపగలే లైట్లు వేసుకోవాల్సినంత ఇరుకు సందులు. పైకెక్కి నీళ్ల ట్యాంకులు, కరెంటు తీగలు, ఆరేసిన బట్టల మధ్య నుంచి తలెత్తితే చక్రాలు దించిన విమానాలు ఇందిరాగాంధీ విమానాశ్రయం వైపు ఒకదాని వెనుక ఒకటిగా దిగుతూ కనిపిస్తాయి.

ఇది టోకస్ గోత్రపు జాట్ల పాత ఊరు. పొలాలను నగరం మింగేశాక ఇక్కడి ప్రధానమైన పంట అద్దె. ఒక పక్క జేఎన్‌యూ, ఇంకో పక్క కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లతో నిండిన ఆర్.కె.పురం, మరో పక్క సంపన్నుల వసంత్ విహార్. జేఎన్‌యూలో చదవడానికో, దగ్గర్లోని బేర్ సరాయ్, జియా సరాయ్ కోచింగ్ కేంద్రాల కోసమో వచ్చే తెలుగు విద్యార్థులకు మునిర్కా గదులు కొత్తేమీ కాదు. అంటే విద్యార్థి, అధికారి, ధనికుడు... ముగ్గురూ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటారు. విమానమెక్కితే ముగ్గురికీ పాయింట్లు వస్తాయి. ఫస్ట్ క్లాస్ దాకా వెళ్లేది ఎవరి పాయింట్లన్నదే అసలు కథ.

ఈ మైళ్ల వ్యాపారం 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పెట్టిన ఆడ్వాంటేజ్ పథకంతో ఊపందుకుంది. తిరిగినంత దూరం ఖాతాలో పడేది. తర్వాత హోటళ్లు, క్రెడిట్ కార్డులు, చివరికి కిరాణా సరుకులు కూడా మైళ్లు పంచడం మొదలెట్టాయి. 1999లో కాలిఫోర్నియా ఇంజనీరు డేవిడ్ ఫిలిప్స్ ఒక కంపెనీ ప్రకటించిన బహుమతి పథకంలోని లొసుగు పసిగట్టి, సుమారు 3,000 డాలర్లతో 12 వేలకు పైగా పుడ్డింగ్ కప్పులు కొని, 12 లక్షలకు పైగా మైళ్లు సంపాదించారు. ప్రపంచవ్యాప్తంగా పాయింట్ల వేటగాళ్లకు నేటికీ ఆయనే ఆదర్శం.

వేటంతా ఫస్ట్ క్లాస్ కోసమే ఎందుకంటే, లెక్క అక్కడే లాభసాటి. డబ్బు పెట్టి కొంటే ఫస్ట్ క్లాస్ టికెట్ ధర ఎకానమీకి అనేక రెట్లు. మైళ్లలో మాత్రం ఆ తేడా చాలా పథకాల్లో అంతగా ఉండేది కాదు. కాకపోతే సీట్లే తక్కువ. ఎయిరిండియా 2007 నుంచి కొన్న బోయింగ్ 777-300ఈఆర్ విమానాల్లో మొత్తం 342 సీట్లుంటే ఫస్ట్ క్లాస్‌వి నాలుగే. పైగా చాలా సంస్థలు అలాంటి సీట్లను ముందు తమ సభ్యులకే ఇస్తాయి. ఎయిరిండియా 2014 జూలైలో స్టార్ అలయెన్స్‌లో చేరాక దాని పాయింట్లతో భాగస్వామ్య సంస్థల విమానాలెక్కే దారి తెరుచుకుంది. అయినా ఫస్ట్ క్లాస్ సీటు దొరకడం అదృష్టం, ఓపికల మీదే ఆధారపడి ఉంటుంది. చాలా సంస్థలు దాదాపు 11 నెలల ముందే బుకింగ్ తెరుస్తాయి. సీటు దక్కేది అప్పుడే ప్రయత్నించినవారికి, లేదంటే ప్రయాణానికి కొద్దిరోజుల ముందు మిగిలినవి ఏరుకునేవారికి.

‘ఉచితం’ అన్న మాటా పూర్తిగా నిజం కాదు. పన్నులు, కొన్ని సంస్థల సర్‌చార్జీలు జేబులోంచే కట్టాలి. బ్రిటన్ నుంచి బయల్దేరేవారికి పైతరగతి సీటైతే ప్రయాణ పన్ను మరింత ఎక్కువ. బ్యాంకు కార్డు పాయింట్లను విమాన మైళ్లుగా మార్చుకోవచ్చు గానీ, ఒకసారి మార్చితే సాధారణంగా వెనక్కి రావు. అందుకే సీటు ఖాళీ ఉందని చూసుకున్నాకే మార్చడం అనుభవజ్ఞుల పద్ధతి.

ఆర్.కె.పురం క్వార్టర్ల సంగతి వేరు. 2009 జూలై నుంచి, ఎయిరిండియాను టాటాలకు అమ్మేదాకా, ప్రభుత్వ ఖర్చుతో విమానమెక్కే అధికారి ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఎయిరిండియాలోనే వెళ్లాలి. ఏళ్ల తరబడి అలా తిరిగితే ఖాతాలో మైళ్లు పేరుకుపోక మానవు. అవి ఎవరివి? ఆర్థిక శాఖ వ్యయ విభాగం 2017 జూలై 13 నాటి ఉత్తర్వులో తేల్చి చెప్పింది. అధికారిక ప్రయాణంతో వచ్చిన పాయింట్లను ఆ శాఖ అధికారుల ఇతర అధికారిక ప్రయాణాలకే వాడాలి. సొంతానికి వాడుకుంటే శాఖాపరమైన చర్య తప్పదు. చిక్కల్లా ఒక్కటే. ఖాతా వ్యక్తి పేరు మీద, సొమ్ము సర్కారుది.

మునిర్కా విద్యార్థి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. 2018 మేలో మెట్రో వచ్చాక ఇక్కడి నుంచి మూడో స్టేషనే విమానాశ్రయం టెర్మినల్-1. అక్కడ దొరికేవి దేశీయ విమానాలు. పీహెచ్‌డీకి అమెరికా వెళ్లేవాడు టెర్మినల్-3కి పోవాలి. సూట్‌కేసులో పచ్చళ్లు సర్దుకోవడం మరిచిపోడు గానీ, టికెట్‌లో సభ్యత్వ నంబరు రాయించడం మరిచిపోతాడు. దాంతో జీవితంలోని అతి దూర ప్రయాణపు మైళ్లు గాలికి పోతాయి. కొన్ని నెలల్లోగా బోర్డింగ్ పాస్ చూపించి అడిగితే చాలా సంస్థలు జమచేస్తాయన్న సంగతి తెలిసినవారు తక్కువ. పైగా 2024లో ఎయిరిండియా దూరాన్ని బట్టి కాకుండా ఖర్చు చేసిన రూపాయలను బట్టి పాయింట్లివ్వడం మొదలెట్టింది. చౌక టికెట్ కొనేవాడికి మిగిలేదీ చౌకే.

ఈ పాయింట్లను పొదుపుగా భావించడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ విమానాలు నేలకు దిగగానే కింగ్ క్లబ్ మైళ్లు చిత్తు కాగితాలయ్యాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినా, జెట్‌ప్రివిలేజ్ వేరే సంస్థగా ఉండటంతో అదే ఏడాది ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుని బతికింది. 2024 నవంబర్‌లో విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున బదిలీ కావడం అదృష్టమే. అవతలివాడు ఎప్పుడైనా విలువ మార్చగల నోటు ఇది. బ్యాంకు డిపాజిట్‌లా వడ్డీ రాదు, గడువు దాటితే అసలూ మిగలదు. పాయింట్ల కోసం గీకిన కార్డు బిల్లు బకాయి పడితే మాత్రం నెలకు 3 శాతం దాటిన వడ్డీ పరుగెడుతుంది. దాని ముందు ఏ ఫస్ట్ క్లాసూ నిలవదు.

అయినా ఈ లెక్కకు అర్థం ఉండే చోటు ఒకటుంది. చాలా పథకాల్లో పాయింట్లతో ఇంట్లోవాళ్లకూ టికెట్ తీయొచ్చు. మనవడో మనవరాలో పుట్టిందని అమెరికా బయల్దేరే అమ్మానాన్నలకు ఢిల్లీ నుంచి న్యూయార్క్ దాకా దాదాపు 15 గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం పెద్ద పరీక్షే. కాళ్లు చాపుకుని పడుకునే సీటు వారికి విలాసం కాదు. ఫస్ట్ క్లాస్ దొరక్కపోతే బిజినెస్ క్లాసైనా మేలే. మైళ్లు మురగబెట్టే బదులు వాళ్లు ప్రయాణం చేయగలిగే వయసులోనే ఖర్చుపెట్టేయడం తెలివైన పని.