ఎర్రనీటికి ఎదురెక్కే చేప

ధవళేశ్వరం నుంచి

మామా, మన దేవరగట్టు కొండ మీద నిలబడితే కనుచూపు మేర మెట్టచేలే కదా. ఇక్కడ అంత మేరా గోదారే, వరదకు ఎర్రగా మారి. ఆ వరదకు ఎదురీదుకుంటూ సముద్రం నుంచి ఒక చేప గుడ్లు పెట్టడానికి వస్తుంది. సముద్రంలో దాని పేరు ఇలస, కొందరు వలస అనీ అంటారు. ఏరెక్కితే పులస. వలస అనే మాట వినగానే సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోయే మనోళ్లు గుర్తొచ్చినారు.

నిన్న రేవులో ఒకటి చూసినా. మూరెడు కూడా లేదు. వెండిరేకుల్లాంటి పొలుసులు, జనతో, అంటే గుడ్లతో, ఉబ్బిన కడుపు. అమ్మే ఆమె తడి గోనె మీద పెట్టి, ఎండ తగలకుండా కొంగు అడ్డం పట్టింది. ఆమె చెప్పిన ధరకు మనం ఆదోని మార్కెట్లో రెండు క్వింటాళ్ల పత్తి అమ్మాలి. జన ఉంది కాబట్టే అంత ధరంట. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, ఆ కడుపు చూసినంక నాకు మనసొప్పలేదు. "మా నాయన నాడు ఇంట్లోనూ వండుకునేవాళ్లం, ఇప్పుడు పడితే అమ్ముకోవడమే" అన్నాది ఆమె.

చేప తగ్గడానికి ఒక కారణం నా ఎదురుగానే ఉంది. 1852లో కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట పూర్తి చేయించినాడు, ఇప్పుడు దాని చోట బ్యారేజీ. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లకోసం కాచుకునే మనకు కట్ట అంటే దేవుడే. చేపకు మాత్రం గోడ. అమెరికాలో క్లమత్ నది మీద నాలుగు డ్యాములు తీసేస్తే, 2024లో చలి ముదరకముందే సాల్మన్ చేపలు పైకి ఎక్కినాయి. కానీ లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే ఈ కట్టను తీయమని ఎవరంటారు? ఆగితే వలలే ఆగాలి.

గొడవంతా అక్కడే. సముద్రంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు సర్కారు ఇచ్చిన భృతి 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు. పులస ఏరెక్కేది ఆ తర్వాత, వానల్లో. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరే వలేసి పట్టేస్తుంటే పైదాకా ఏమొస్తుందని ఏటి జాలర్ల బాధ. "ఈ రెండు నెలలే మా పంట, ఆపితే తినేదేంటి?" అని అందరి ప్రశ్న. న్యాయమే. బంగ్లాదేశ్‌లో ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలస వేట ఆపి, జాలర్లకు బియ్యం ఇస్తారు. ఇక్కడా చేప ఎక్కే రోజుల్లో కొన్నాళ్లు ఆపి, కూలి కట్టివ్వాలని నా మాట. ఉత్త చేతులతో ఆగమనడం అన్యాయం.

దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవానికి వస్తా. అప్పటికి నీళ్లు తేటపడి, వలలకు దొరకని చేపలు సముద్రానికి తిరుగుదారి పడతాయంట.