విజయపురి: నీట మునిగిన పుణ్యక్షేత్రం

పల్నాడు జిల్లా మాచర్లకు చేరువలో, కృష్ణానది కుడిగట్టున ఉన్న లోయ నాగార్జునకొండ. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు నది దీనికి సహజమైన కోటగోడలు. శాతవాహనుల తరువాత క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఏలిన ఇక్ష్వాకులు ఇక్కడే విజయపురి రాజధానిని నెలకొల్పారు. ఆ నగరం రాజకీయ కేంద్రంగానే కాక, గొప్ప ధార్మిక క్షేత్రంగానూ వెలిగింది.

1926లో శాసన పరిశోధకుడు ఎ. రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. 1927 నుంచి 1931 వరకు ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు సాగించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ ఆ పనిని కొనసాగించారు. నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల లోయ ముంపుకు గురికానుండడంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా విస్తృతంగా తవ్వారు. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగాల కట్టడాల దాకా ఆనవాళ్లు బయటపడ్డాయి.

తవ్వకాల్లో దొరికిన బౌద్ధ కట్టడాల్లో తలమానికం మహాచైత్యం. దీని వ్యాసం సుమారు 32 మీటర్లు. లోపలి ఇటుక గోడలను బండిచక్రం ఆకుల్లా పేర్చి, మధ్య గదులను మట్టితో నింపారు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికల మీద అయిదేసి స్తంభాలు నిలిపారు. ఇక్కడ లభించిన బంగారు భరిణెలోని ధాతువును (అవశేషాన్ని) బుద్ధునిదిగా భావించి, తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ప్రతిష్ఠించారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఈ చైత్యానికి పోషకురాలు ఆయన మేనత్త శాంతిశ్రీ అని ఆయక స్తంభ శాసనాలు చెబుతున్నాయి.

ముప్పైకి పైగా వెలుగుచూసిన బౌద్ధ ఆరామాలు వేర్వేరు శాఖలవి. అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు ఇక్కడ నివసించారు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువులు ధర్మం చాటిన ప్రాంతాలుగా ఆమె శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి మొదలైన వాటిని పేర్కొంటుంది.

ఇదే లోయలో, ముఖ్యంగా నదీతీరం వెంబడి వైదిక దేవాలయాలూ వెలిశాయి. అష్టభుజస్వామి, సర్వదేవ, పుష్పభద్రస్వామి, కార్తికేయ ఆలయాలు వాటిలో పేరున్నవి. వంశ స్థాపకుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం వంటి యాగాలు చేశాడు. ఆ ఇంటి ఆడపడుచులు, రాణులు మాత్రం చైత్యాలకు, విహారాలకు ధారాళంగా దానాలిచ్చారు. ఒకే రాజకుటుంబం రెండు మార్గాలనూ ఆదరించిందనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు. మెట్ల వరుసలతో కట్టిన రంగస్థలం, స్నానఘట్టం, వీరుల స్మారకార్థం నిలిపిన ఛాయాస్తంభాలు నాటి పౌరజీవనాన్ని తెలుపుతాయి. ఇక్కడి శిల్పాలకు ఎక్కువగా వాడింది పల్నాటి సున్నపురాయే.

1955లో జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీరు నిండేలోగా ఎంపిక చేసిన కట్టడాలను విప్పి, కొన్నిటిని లోయలోని నాగార్జునకొండ మీద, కొన్నిటిని జలాశయం ఒడ్డునున్న అనుపులో తిరిగి నిలిపారు. రంగస్థలం అనుపులో ఉంది. ఒకప్పటి ఆ కొండ ఇప్పుడు జలాశయం నడుమ ద్వీపం. శిల్పాలు, శాసనాలు భద్రపరిచిన మ్యూజియం అక్కడే ఉంది. ఆనకట్ట దగ్గరి విజయపురి సౌత్ నుంచి లాంచీలో అక్కడికి చేరవచ్చు. తెలుగు నేల చరిత్ర తెలుసుకోగోరే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా విద్యార్థులు, ఒక్కసారైనా చూసి తీరవలసిన చోటు ఇది.